డాలు వెనక

“ఎబినేజరూ, ఆటలో డాలు పట్టేవాళ్లకు డిఫెన్స్ మళ్లీ పెంచినారు. టీంలోకి రా” అన్నాడు శరత్‌చంద్ర, ఫోను స్పీకర్‌లో పెట్టి.

పోయిన నెల అప్‌డేట్‌లో ఆ డిఫెన్స్ తగ్గించగానే, ఇక పనికిరాడని, చెప్పాపెట్టకుండా అతన్ని టీంలోంచి తీసేసింది తనే.

“వస్తాలే అన్నా” అన్నాడు ఎబినేజర్.

“మీ దొనకొండలో సిగ్నల్ బాగైందా తమ్ముడూ?” అని అడిగింది, అదే టీంలో ఆడే శరత్‌చంద్ర చెల్లెలు శ్రీదివ్య. “సిగ్నల్ లేక నువ్వే మానుకున్నానని మాకందరికీ చెప్తివి గదా.”

శరత్‌చంద్ర తల దించుకున్నాడు.

“బాగైందక్కా” అన్నాడు ఎబినేజర్.

సాయంత్రం ఆట మొదలైంది. రాక్షసుడు గద ఎత్తగానే ఎబినేజర్ డాలు అడ్డం పెట్టి అందరికంటే ముందు నిలబడ్డాడు.

“నా వెనక్కి రా అన్నా, దెబ్బ తగుల్తాది.” ఇయర్‌ఫోన్‌లో అతని గొంతు మామూలుగానే ఉంది.

శరత్‌చంద్ర స్క్రీన్ మీద వేలు కదపలేదు. ఆ దెబ్బ తనకే తగిలితే బాగుండుననిపించింది.