బుచ్చన్న కట్టిన గోడ

తోబుట్టువుకు అడ్డంగా గోడ కట్టమని ఏ శాస్త్రం చెప్పింది? ముంబై కామాఠిపురాలో, వరుస గదుల చాల్‌లో తాపీమేస్త్రీ బుచ్చన్న కట్టాడు, తన గదికీ చెల్లెలి గదికీ మధ్య. నలభై ఏళ్లుగా ఆమె పేరెత్తలేదు. మనవరాలు శీతల్‌నూ ఎత్తనివ్వలేదు.

ఈ ఉదయం గోడ అవతల మంటలు లేచాయి. చెల్లెలి తలుపు బిగుసుకుపోయింది. లోపల దగ్గు వినిపిస్తోంది.

శీతల్ సుత్తి ఎత్తింది. ముసలాయన మంచం మీంచి లేచాడు.

"అడ్డం రాకు తాతా! నీ పగ కోసం మనిషిని చావనియ్యాల్నా?"

"హతోడా ఎందుకే? చేత్తోనే లాగు."

లాగితే ఇటుకలు ఒక్కొక్కటే ఊడివచ్చాయి. ఆ సందులోంచి ఇద్దరూ ఆమెను ఇవతలికి తెచ్చారు.

శీతల్ తెల్లబోయింది. "సిమెంటు పెట్టలేదా తాతా?"

"ఉత్త మట్టితో పేర్చిన బిడ్డా. అన్నా అని ఒక్కసారి పిలిస్తే తియ్యొచ్చని."