అమ్మ ఎడమచెయ్యి

"మా అమ్మకి ఏ రోగమూ లేదు. ఆవిణ్ణి వదిలేయండి."

తలుపు తోసుకుని లోపలికొచ్చిన బస్సు డ్రైవరు గొంతుకి, వరండాలో కూర్చున్న ముసలివాళ్లంతా తలలెత్తి చూశారు. డ్యూటీ బట్టలతోనే వచ్చేశాడు. క్లినిక్కు రెండో అంతస్తులో ఉంది, కానీ కోపంలో ఉన్నవాడికి మెట్లు లెక్కేమిటి? అతని తల్లి మాత్రం డాక్టరు ఎదుట స్టూలు మీద కూర్చుని, ఎవరింటి గొడవో అన్నట్టు చేతిసంచి సర్దుకుంటోంది.

డ్రైవరు కడుపుమంట ఇవాళ్టిది కాదు. ఆవిడ గుండ్రాయిలాంటి మనిషి. ఇంటిపనంతా ఒంటిచేత్తో లాగుతుంది. అలాంటిది, వారం తిరక్కుండా ఇక్కడ తేలుతోంది. గుండె పరీక్ష చేయడం, అంతా బాగుందనడం, వారానికి మళ్లీ మొదలు. ఇంటి డాక్టరు కదా అని నమ్మితే ఇంటికే ఎసరు పెడతారా, పెద్దవాళ్ల భయమే మీకు పంటా అని నిలదీశాడు.

డాక్టరుకీ ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి ఆ ఇంటిల్లిపాదికీ చేసిన వైద్యం ఒక్క మాటతో బూడిదలో పోసిన పన్నీరైపోయింది.

"నేను రమ్మనలేదయ్యా. వద్దన్నా మీ అమ్మగారే వస్తున్నారు. మెట్లెక్కితే ఎడమచెయ్యి లాగుతోందంటారు, చెమటలు పోస్తున్నాయంటారు, ఛాతీ పట్టేస్తోందంటారు. విని ఊరుకోమంటావా?"

"అన్నీ అబద్ధాలు. మెట్లెక్కుతూ ఆవిడ ఏనాడూ ఆగలేదు."

"మరి నాతో ఎందుకలా చెప్పినట్టు?"

డ్రైవరు తల్లి మీదికి తిరిగాడు. ఇంట్లో నోరు విప్పకుండా పరాయివాళ్ల దగ్గర ఈ ఏడుపేమిటని, తన పరువెందుకు తీస్తున్నావని గద్దించబోయాడు. ఊపిరందక మాట సగంలోనే తెగింది. నుదుటి చెమట తుడుచుకుని, అలవాటుగా ఎడమ భుజం నొక్కుకున్నాడు.

డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

అంతకంటే ముందే తల్లి లేచి, స్టూలు కొడుకు వైపు జరిపింది.

"ఆ బాధలన్నీ వీడివే డాక్టరుగారూ. చూపించుకోరా నాయనా అని బతిమాలితే, బస్సు చేతికివ్వరని భయపడి రాడు. గొడవకైతే మాత్రం పరిగెత్తుకొస్తాడని నాకు తెలుసు."