రెండు చుక్కల చేదు

అజ్మల్ చేతిలోకి గ్లాసు తీసుకున్నాడంటే చాలు, కోటేష్‌కు ఒళ్లు మండిపోతుంది.

కొత్తగూడెంలో రాందాస్ సేటు బార్ తెరిచిన నాటి నుంచీ కౌంటర్ వెనక నిలబడ్డది కోటేష్. ఎవరికి సోడా, ఎవరికి నీళ్లు, ఎవరిని గొడవ పడకముందే ఆటో ఎక్కించాలి, అన్నీ అతనే చూసుకునేవాడు. హైదరాబాద్‌లో పెద్ద హోటల్లో పని నేర్చుకుని నిరుడు సొంతూరికి వచ్చిన ఈ అజ్మల్, ఒక్క గ్లాసుతో అందరినీ తన వైపు తిప్పుకున్నాడు.

ఆ గ్లాసు పేరు ఓల్డ్ ఫ్యాషన్డ్.

అడుగున చక్కెర. దాని మీద చిన్న గోధుమరంగు సీసాలోంచి రెండు చుక్కల చేదు, అదే బిటర్స్. చెంచాడు నీళ్లు పోసి కరిగేదాకా నూరుతాడు. విస్కీ పోసి, పెద్ద మంచుగడ్డ వేసి నెమ్మదిగా తిప్పుతాడు. చివర్లో నారింజ తొక్కను గ్లాసు మీద మెలిపెట్టి లోపల పడేస్తాడు. చేతులు ఇంత పని చేస్తుంటే నోరు ఊరుకుంటుందా? కథ అందుకుంటాడు.

"రెండు వందల ఏండ్ల కింద అమెరికాల గిదే తాగేటోళ్లు సార్. విస్కీ, చక్కెర, నీళ్లు, చేదు. గంతే. తర్వాత కొత్త బార్లోళ్లు అండ్ల ఏవేవో పోసుడు షురూ చేసిండ్రు. పాత గిరాకీలకు మండింది. మాకు గవన్ని వద్దు, పాత తీరుగనే కలుపు అన్నరు. గట్ల పడ్డది పేరు!"

గనుల ఆఫీసర్లు నోళ్లు వెళ్లబెట్టి వింటారు. భద్రాచలం దర్శనానికి వచ్చిన పెద్దమనుషులు తిరుగుదారిలో కారు ఆపి మరీ, "అజ్మల్ ఉన్నాడా?" అని అడుగుతారు. కోటేష్ ఉన్నాడా అని అడిగిన పాపాన ఒక్కడూ పోడు. ఆఖరికి ఇంట్లో పెళ్లాం కళ్యాణి కూడా, "మీ బార్ల గా పిలగాడు మస్తు కలుపుతడంట గదా!" అంది. ఆ పూట కోటేష్‌కు అన్నం ముద్ద దిగలేదు.

అజ్మల్ కలిపింది చచ్చినా నోట పెట్టనని అతను ఒట్టు పెట్టుకున్నాడు. నోట పెట్టలేదు కూడా.

అన్నిటికన్నా ఆ చేదు సీసా అంటే కడుపుమంట. ఫారిన్ సరుకట. ఎవరినీ ముట్టనివ్వడు. ఎంత వాడినా అయిపోదు.

ఇంతలో సేటు ఖమ్మంలో కొత్త హోటల్ కట్టాడు. అక్కడి బార్ చూసుకునే పెద్దగా కోటేష్, అజ్మల్ ఇద్దరిలో ఒకరిని పంపాలి. అప్పుడప్పుడు బార్‌కు వచ్చిపోయే ఆయన స్నేహితుడొకరు ఆదివారం హైదరాబాద్ నుంచి వచ్చి, ఇద్దరి చేతి గ్లాసూ రుచి చూసి తేలుస్తాడు. కోటేష్ అప్పటికే ఖమ్మంలో కిరాయి ఇల్లు చూసిపెట్టాడు.

శనివారం ఇంటికి వెళ్లేసరికి అత్త సైదమ్మ బెరళ్లు దంచుతోంది. నేలవేము, ఎండిన నారింజ తొక్కలు, అడవి నుంచి తెప్పించిన బెరళ్లు ఇప్పసారాలో నానబెట్టి కడుపునొప్పికి మందు చేస్తుంది. బస్టాండు దగ్గర కూర్చుని అమ్ముతుంది. ఆమె తన అత్త అని కోటేష్ బార్‌లో ఒక్కరికీ చెప్పలేదు. నామోషీ.

"నీ మందు పోస్తే పంది సుత ఉరుకుతది అత్తా," అన్నాడు.

"తాగేటోళ్లు తాగుతున్నరు అల్లుడా," అంది ఆమె తలెత్తకుండా.

సరిగ్గా అప్పుడే అతనికి ఆలోచన తట్టింది.

ఆదివారం అజ్మల్ అన్నానికి వెళ్లిన సమయం చూసి, కోటేష్ అతని సీసా తీశాడు. ఎవరైనా వస్తారేమోనని తలుపు వైపు చూస్తూ, ఉన్నదంతా గబగబా తూములో పారబోసి, అత్త మందుతో నింపేశాడు. రంగు అచ్చం అదే! దేవుడు కూడా తన పక్షానే ఉన్నాడనుకున్నాడు.

సాయంత్రం సేటు స్నేహితుడైన ఆ పెద్దాయన వచ్చాడు. ముందు కోటేష్ కలిపిన నిమ్మరసం విస్కీ తాగి, "బాగుంది," అన్నాడు. తర్వాత అజ్మల్ గ్లాసు అందుకున్నాడు. కోటేష్ నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

పెద్దాయన ఒక గుటక వేసి కళ్లు మూసుకున్నాడు. ఇంకో గుటక వేశాడు. తర్వాత గ్లాసు ఖాళీ చేసి దించాడు.

"పోయినసారి తాగిన రుచే సేటూ. రవ్వంత తేడా లేదు. ఈ చేదు హైదరాబాద్‌లో కూడా దొరకదు!"

సేటు అక్కడికక్కడే ఖమ్మం బార్ తాళాలు అజ్మల్ చేతిలో పెట్టాడు.

కోటేష్‌కు తల గిర్రున తిరిగింది. అజ్మల్‌ను చెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్లాడు.

"నిజం చెప్పు. ఆ సీసాల ఏం పోస్తున్నవ్?"

అజ్మల్ అటూ ఇటూ చూశాడు. సిగ్గుగా నవ్వి, చెవి దగ్గరికి వంగాడు.

"సేటుకు చెప్పకన్నా, ఆ ఫారిన్ సరుకు నేనొచ్చిన నెలకే ఒడిసింది, అప్పటి సంది బస్టాండు కాడ కూసునే సైదమ్మ మందే పోయించుకొస్తున్న."