బిగించిన చెయ్యి

కడుపులో ఉండగానే బిడ్డల లోపాలు సరిదిద్దడం మొదలై ముప్పై ఏళ్లు దాటింది. పుట్టుకతోనే ఎడమచెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయిన మనిషి కాకినాడ మొత్తానికి హైమవతి ఒక్కతే అనుకునేవారు. ఒకరోజు రమ్యశ్రీ అనే ఆవిడ వెతుక్కుంటూ వచ్చింది.

"మా ఉజ్జ్వలకి ఎనిమిదేళ్లండీ. దానిదీ మీలాంటి చెయ్యే, కడుపులో చేసిన వైద్యం పనిచెయ్యలేదు. చిన్నప్పుడే మరచెయ్యి పెట్టించాం, బళ్లో ఎవరికీ తెలీదు. రెణ్ణెల్లుగా నోరు విప్పట్లేదు. ఓదార్చే యంత్రం పెట్టినా లాభం లేకపోయింది."

హైమవతి వెళ్లి పాప పక్కన కూర్చుంది. మోచేత్తో కమలాపండు అదిమిపట్టి, రెండో చేత్తో తొక్క తీసింది.

"మీకూ పుట్టినప్పట్నుంచీనా?" అంది పాప.

"ఆఁ."

"ఎవరూ ఏడిపించలేదా?"

"ఏడిపించేవాళ్లమ్మా. నాలాంటివాళ్లం ఆదివారాలు కలుసుకుని, చెప్పుకుని ఏడ్చేవాళ్లం. ఇప్పుడు వాళ్లెవరూ లేరు."

పాప తలుపు వైపు చూసి, మరచెయ్యి విప్పేసింది. ఒరుసుకుపోయి ఎర్రబడిన చేతిని హైమవతి మోచేతికి ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు మరచెయ్యి తొడుక్కోనని, బడికి అలాగే వెళ్తానని మొండికేసింది. ఇక రావద్దని రమ్యశ్రీ హైమవతికి కబురు పెట్టింది.

నెల తర్వాత మనసు ఊరుకోక హైమవతి వెళ్లింది.

"మరచెయ్యిని తియ్యడానికి వీల్లేకుండా ఎముకకే బిగించేయించామండీ. ఇప్పుడు బాగానే మాట్లాడుతోంది," అంది రమ్యశ్రీ గుమ్మంలోనే.

ఉజ్జ్వల వచ్చి నవ్వుతూ ఆ చెయ్యి చాపింది.

"నొప్పిగా ఉందా అమ్మా?"

పాప తల్లి మొహంలోకి చూసి, లేదన్నట్టు తలూపింది. హైమవతి పట్టుకున్న ఆ మరచెయ్యి నిజం చేతిలాగే మెత్తగా, వెచ్చగా ఉంది. పాప కళ్లు మాత్రం ఆమె మోచేతి మీదే నిలిచిపోయాయి.