హోయిట్‌ని ఎక్కడ చల్లాలి

రేపు ఫుట్‌బాల్ ర్యాంకులు వచ్చేలోగా మొగుణ్ణి దొంగిలించాలని వెర్నా నిశ్చయించుకుంది.

హోయిట్ అక్టోబరులో పోయాడు. అప్పటినుంచీ బూడిదై, మూత బిగించిన ఇత్తడి కూజాలో, ఓటిస్ మంగలిషాపు అరమీద కూర్చుని ఉన్నాడు. ఒక పక్క టాలవే కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఆకుపచ్చ హెల్మెట్, ఇంకో పక్క కోల్డ్‌వెల్ కాలేజీ ఎర్ర హెల్మెట్. కట్టుకున్నది ఉండగా మంగలి దగ్గర ఎందుకున్నాడంటే, పందెం.

హోయిట్ టాలవే మనిషి. తమ్ముడు లమార్ కోల్డ్‌వెల్ మనిషి. ఒకే ఇంట్లో పెరిగి, ఒకే చర్చిలో పెళ్లిళ్లు చేసుకుని, ఫుట్‌బాల్ దగ్గర మాత్రం బతుకంతా కొట్టుకున్నారు. ఒకనాడు మాటామాటా పెరిగి, షాపులో అందరి ముందూ ఒట్టేసుకున్నారు. ముందు ఎవరు పోతే వాళ్ల బూడిదని, ఆ ఏడు ఆఖరి ర్యాంకుల్లో ఏ కాలేజీ పైన ఉంటే దాని మైదానంలో చల్లాలి. పెళ్లినాటి ప్రమాణాలు తప్పినవాళ్లు అలబామాలో బోలెడుమంది. ఇలాంటి ప్రమాణం తప్పినవాడు లేడు. పాస్టర్ కూడా ఇది న్యాయమేనన్నాడు.

వెర్నాకి ఏ కాలేజీ పైన ఉన్నా ఒకటే. ఎటూ ఆయన వెళ్లిపోతాడు. ఆసుపత్రిలో ఒకసారి వదిలి వచ్చింది. మళ్లీ వదలడం ఆమె వల్ల కాదు.

శనివారం పెకాన్ కేకు పట్టుకుని షాపుకి వెళ్లింది. చేతిసంచిలో ఖాళీ పిండిడబ్బా, ఒక పొట్లం. పొట్లంలో హోయిట్ పంది మాంసం కాల్చే పొయ్యిలోంచి తీసిన బూడిద.

వెనక గదిలో టీవీ ముందు మగాళ్లంతా చేరారు.

"టాలవేకి ఓటమే లేదంటారు. ఆడింది ఎవరితో?" అంటున్నాడు లమార్. "వాళ్లు ఆడే కూటమిలో సగం కాలేజీలు గోల్ స్తంభాలు కూడా అద్దెకి తెచ్చుకుంటాయి."

"మీవాళ్లు మూడుసార్లు ఓడారు గదరా," అన్నాడు ఓటిస్. ఆయన ఏ కాలేజీ మనిషీ కాదు. అందుకే కూజా ఆయన దగ్గర పెట్టారు.

"గట్టి కూటమిలో ఓడాం. మా ఓటమి వాళ్ల గెలుపుకన్నా బరువు."

"అయితే ఇంకో నాలుగు ఓడండి, మొదటి ర్యాంకే ఇచ్చేస్తారు."

వెర్నాని చూసి లమార్ లేచి కుర్చీ ఇచ్చాడు. "రా వదినా."

"నీ మరిదిని అడుగమ్మా," అన్నాడు ఓటిస్. "మొన్న టాలవే మైదానంలో ఆకుపచ్చ టోపీ పెట్టుకుని కూర్చున్నాడటగా. తల దురద పెట్టలేదా అని."

"అన్నయ్య సీట్లో వదిన ఒక్కతే కూర్చుంటుందని వెళ్లాను," గొణిగాడు లమార్.

వెర్నాకి ఆ మంట ఇంకా చల్లారలేదు. "తోడొచ్చినవాడు మర్యాదగా ఉండొద్దూ? కోటు జేబులు పిగిలేట్టు ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు నింపుకొచ్చి, ఒక్క కాయ నా చేతిలో పెట్టలేదు. విరామంలో మైదానం చివరికి పోయి, ఒక్కడే తినేసి వచ్చాడు."

అందరూ నవ్వారు. లమార్ తల దించుకున్నాడు.

ఆట సమానమై అదనపు సమయంలోకి వెళ్లింది. ఇక కప్పు కూలినా ఆ గదిలో ఒక్కడూ తల తిప్పడు. వెర్నా ముందుగదిలోకి వచ్చి కూజా దించింది. హోయిట్‌ని ఆ రూపంలో చూడలేక, కళ్లు గట్టిగా మూసుకుని డబ్బాలోకి ఒంపింది. పొట్లంలోది కూజాలో పోసి, మూత బిగించి, రెండు హెల్మెట్ల మధ్య పెట్టేసింది.

ఇంటికొచ్చాక, కళ్లు మూసుకునే డబ్బా వాసన చూసింది. హికరీ కట్టెల పొగ. బతుకంతా పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి, ఇంకే వాసన వస్తాడు? డబ్బాని వంటింటి కిటికీలో, ఎండ తగిలే చోట పెట్టుకుంది. ఆ పూట చాలా రోజుల తర్వాత ఆకలేసి తిన్నది.

ఆదివారం పాస్టర్ ప్రసంగం సగంలో ఆపేశాడు. ర్యాంకులు వచ్చాయి. ఓటమి ఎరగని టాలవే పన్నెండు. మూడు ఓటముల కోల్డ్‌వెల్ పదకొండు. కూటమి బరువు మరి.

సోమవారం అందరూ కోల్డ్‌వెల్ మైదానానికి వెళ్లారు. కాపలావాడు అటు తిరిగి నిలబడ్డాడు. అతను కూడా ఎవరో ఒకరి తమ్ముడే. టోపీలు తీశారు. లమార్ కూజా వంచాడు. వెర్నా చేతిరుమాలు కళ్లకి అద్దుకుంది. పొయ్యి బూడిదకి ఇంత గౌరవం ఈ జిల్లాలో ఎన్నడూ దక్కి ఉండదని లోపల నవ్వుకుంది.

మర్నాడు పొద్దున్నే లమార్ వచ్చాడు. వంటింట్లో నిలబడి టోపీ అంచు నలుపుతున్నాడు.

"వదినా, నిన్న మనం చల్లింది అన్నయ్యని కాదు."

వెర్నా కిటికీకి అడ్డంగా జరిగి, వెనక్కి చేయి పెట్టి డబ్బా పట్టుకుంది. "నీకెవరు చెప్పారు?"

"చెప్పడానికి ఇంకెవరికీ తెలీదు." టోపీ బల్లమీద పెట్టాడు. "అన్నయ్య బతికుండగా ఆ కాలేజీ పేరెత్తి ఏడిపించాను గానీ, ర్యాంకు తక్కువొస్తే పోయాక కూడా అన్నయ్యని తన శత్రువు గడ్డమీద పడేస్తానా? ముందే ఓ మధ్యాహ్నం ఓటిస్ భోజనానికి పోయినప్పుడు కూజా ఖాళీ చేసి, నా పొయ్యి బూడిద పోసి పెట్టాను."

"మరి మీ అన్న?" వెర్నా డబ్బా మీంచి చెయ్యి తీసేసింది. "ఆయన్నేం చేశావు?"

"ఆ రోజు టాలవే మైదానంలో నా జేబుల్లో ఉన్నవి వేరుసెనక్కాయలు కావు వదినా."