దొర కుర్చీ

“ఇదేనేటి మీ ఇల్లు?” పైనుంచి వేలాడుతున్న పంకా కేసి చూస్తూ అడిగింది విమలమ్మ.

“తాతల కాలం నాటిదండి వదినగారూ,” అన్నాడు యేసుదానం. ఎవరి తాతలో మాత్రం చెప్పలేదు.

భీమిలిలో వందేళ్ల కిందట ఓ దొర కట్టుకున్న ఆ బంగళా ఇప్పుడు మ్యూజియం. యేసుదానం దాని వాచ్‌మన్. తాముండే రేకుల గదిలో కూతురి పెళ్లిచూపులంటే నామోషీ వేసి, ఇవాళ సెలవు కదా అని, ‘ముట్టరాదు’ బోర్డులన్నీ బీరువాలో దాచేసి వియ్యాలవారిని ఇక్కడికే తీసుకొచ్చాడు.

పెళ్లికొడుకు సుందర్ రాజ్ కొత్తగా కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలో వెల్డరు. అతను కిటికీ దగ్గరే నిలబడిపోయాడు. తల్లి విమలమ్మ మాత్రం తిన్నగా వెళ్లి దొర కుర్చీలో కూర్చుంది.

టీ పళ్లెంతో వచ్చిన పెళ్లికూతురు జయశీల గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏటండీ, దొర కుర్సీలో కూకుండిపోయారు? బోర్డు నేకపోతే మాత్రం కూకుండిపోడమేనా? లెగండి ముందు!”

రోజూ టికెట్లు చింపుతూ జనాన్ని గదమాయించే గొంతు అది. యేసుదానం తల పట్టుకున్నాడు.

విమలమ్మ నవ్వుతూ లేచింది. “పోయిన్నెల టికెట్టు కొనుక్కుని వచ్చినప్పుడూ నన్నిలాగే లేపేసింది, అన్నయ్యగారూ. ఈ పిల్లెవలని ఆరా తీసే మీకు కబురెట్టాను.”

“అయితే... ఇల్లు మాది కాదని తెలుసా?” అన్నాడు యేసుదానం.

“తెలుసు.”

“మరి తెలిసి తెలిసి ఆ కుర్సీలో ఎందుకు కూకున్నారండీ?”

“కాబోయే అత్తని కూడా లేపుతాదో, నేదో సూద్దారని.”