నీడన ఆరిన సరుకు

హయాత్ బాషా ఒక పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు.

“ఫస్ట్ క్లాస్ గంజాయప్పా ఇది. కేరళ నుంచి లాంచీలో వచ్చిన మాల్. చూడు” అన్నాడు.

జోగయ్య చూడలేదు. గోడ మీద బల్లిని చూశాడు.

“నాకేం తెల్సండి వీటి సంగతి” అన్నాడు.

సంతలో ఎద్దుని బేరమాడేవాడు కూడా ముందు అలాగే అంటాడు. ఎద్దుకి తోక ఏ వైపుంటుందో కూడా తెలియనట్టే నిలబడతాడు.

అది ఎనభై మూడో సంవత్సరం, ఫుజైరాలో మండుటెండల కాలం. గదిలో నలుగురే ఉన్నారు. కొండరాయి కొట్టే క్రషర్‌లో నాలుగేళ్ళుగా పనిచేస్తున్న జోగయ్య ఒకడు. అతని పక్కన, అదే క్రషర్‌లో పనిచేసే బావమరిది అంజిబాబు. ఎదురుగా హయాత్ బాషా. ఇతను కడప మనిషి, అరబ్బీ కూడా తెలుగంత ధారాళంగా మాట్లాడతాడు. మూలన కుర్చీలో ఒక అరబ్బు ముదీర్, అంటే పెద్దసారు, కళ్ళు మూసుకుని జపమాల పూసలు తిప్పుకుంటున్నాడు.

జోగయ్య మనసంతా రేపటి విమానం మీదే ఉంది. ఈ పని తేలిపోతే వెళ్ళి పెట్టె సర్దుకోవాలి. రాజోలు దగ్గర ఊళ్ళో భార్య మాణిక్యాంబ, తాను ఇక్కడికి వచ్చాక పుట్టిన కూతురు బేబీ ఎదురు చూస్తున్నారు. బేబీ నాన్నని ఫొటోలోనే చూసింది. అన్నం తినేటప్పుడు ఫొటోకి కూడా ఒక ముద్ద పెడుతుందట.

“తెల్దని చెప్పేసి ఎల్లిపోదాం బావా” అన్నాడు అంజిబాబు మెల్లిగా.

“అంతేలే” అన్నాడు హయాత్ బాషా. “ఇంత మంచి మాల్ సంగతి నీకేం తెలుస్తాది. ఇది వాసన చూస్తే చాలు, తల తిరిగిపోతాది.”

జోగయ్య ముక్కు యజమానిని అడక్కుండానే ముందుకు వంగింది.

“దీనికా తల తిరిగేది” అన్నాడు.

అంజిబాబు బల్ల కింద అతని కాలు తొక్కాడు. జోగయ్య ఓరకంట ముదీర్ వైపు చూశాడు.

“ఆయనకి మన మాట యాడొస్తాది. మనలో మనం మాట్లాడుకుంటాండాం గదా” అని హయాత్ బాషా టీ గ్లాసు అతని ముందుకు జరిపాడు.

గోదావరి మనిషిని ఎన్ని మాటలన్నా పడతాడు. రుచి తెలియనివాడు అంటే మాత్రం పడడు. అందులోనూ జోగయ్య, పనసపొట్టు కూరలో ఆవ తక్కువైందని చెప్పడానికి పెళ్ళి పంక్తిలోంచి లేచి వంటవాడి దాకా నడిచి వెళ్ళే రకం. క్యాంపులో ఎవరు పుచ్చకాయ కొన్నా ముందు జోగయ్య వేలితో కొట్టి చూసి సరే అనాలి.

“ఇది ఎండలో పడేసి ఎండబెట్టిన సరుకండి, ఆయ్. అందుకే రంగు మాడిపోయింది. సగం గింజలు, సగం కాడలు. వాసన చూడండి, పాత గోనెసంచి కంపు. దీన్ని కాల్చినోడికి తల తిరగదండి, దగ్గొస్తాది.”

“కొరివితో తల గోక్కోకు బావా” అన్నాడు అంజిబాబు.

“ఉండరా. తెలియనోళ్ళకి చెప్తే తప్పేంటి.”

హయాత్ బాషా గడ్డం నిమురుకుని రెండో పొట్లం తీశాడు. విప్పి, ముక్కు చిట్లించాడు.

“ఇదింకా అన్యాయం. వట్టి గడ్డి. మేకకేసినా ముట్టదు. దీన్ని దుడ్డు పెట్టి కొన్నోడు ఎవుడో గాని, వాడంత ఎర్రోడు యాడా ఉండడు.”

జోగయ్య మొహం కందగడ్డ అయింది.

అంజిబాబు రెండు చేతులతో అతని భుజం పట్టుకున్నాడు. “రేపు ఇమానం బావా. బేబీని తలుచుకో.”

“ఒక్క నిమిషంరా” అంటూ జోగయ్య ఆ పొట్లాన్ని పసిబిడ్డని తీసుకున్నంత మెత్తగా దగ్గరికి తీసుకున్నాడు.

“మాట మర్యాదగా రానీండి బాషాగారూ. ఇది గడ్డా? ఈ పచ్చదనం చూడండి. నీడన ఆరితేనే ఇలా నిలబడతాది. ఒక్క గింజ చూపించండి, మీసం తీయించేసుకుంటాను. నలిపితే వేళ్ళకి బంకలాగ అంటుకోవాలండి. ఇదిగో, అంటుకుంది. వాసన కూడా గుప్పుమని కొట్టకూడదు, చుట్టంలాగ మెల్లిగా లోపలికి రావాలి. దీన్ని కొన్నోడు ఎర్రోడు కాదండి. మా గొప్ప రుచి తెలిసినోడు.”

“కాల్చినా బాగుంటాదంటావా?”

“రెండు దమ్ములు చాలండి, మూడోది అక్కర్లేదు. క్రషర్ మోత కూడా సన్నాయి మేళంలాగ ఇనిపిస్తాది. శుక్రారం పూట నేనైతే…”

అంజిబాబు అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

జోగయ్య ఆ చెయ్యి తోసేసి, చల్లారిన టీ గర్వంగా తాగాడు. తన మాటని ఇంత శ్రద్ధగా విన్న మనిషి ఈ నాలుగేళ్ళలో మరొకడు తగల్లేదు. నిజంగా సంతోషం కలిగింది అతనికి.

హయాత్ బాషా కుర్చీ ముదీర్ వైపు తిప్పుకుని, విన్నదంతా మొదటినుంచీ అరబ్బీలో చెప్పాడు. ముదీర్ కళ్ళు తెరిచాడు.

ఆ రెండో పొట్లం జోగయ్య పరుపు కింద దొరికినా సరే, అది వాళ్ళమ్మ ఇంటి నుంచి పంపిన ఎండు గోంగూరేనని అతను పొద్దుటినుంచీ ఏడుస్తూ వేసిన ఒట్లన్నీ నమ్మి, పోనీలే పాపం అని వదిలేద్దామనుకున్న ఆ పోలీసు అధికారి, బేడీలు తెమ్మన్నాడు.